తొలి సంఘం – 9: బలి ఇచ్చినట్టు ఒక ధ్రువపత్రం

క్రీ.శ. 250, జూన్ 26. ఐగుప్తులోని ఫయ్యూం ప్రాంతంలో అలెగ్జాండర్ దీవి అనే పల్లెటూరు. డెబ్బై రెండేళ్ల ముసలాయన ఒకడు బలుల కమిటీ ముందు నిలబడి అర్జీ పెట్టుకున్నాడు. పేరు ఆరేలియస్ డయోజెనీస్, తండ్రి పేరు సతబూస్, ఊరు ఇదే, వయసు ఇంత, కుడి కనుబొమ్మ మీద గాయపు మచ్చ ఉంది. మన పదో తరగతి సర్టిఫికెట్లలో పుట్టుమచ్చలు రాసినట్టే, మనిషిని పోల్చుకోవడానికి అప్పటి గుమాస్తాలకూ ఒక మచ్చ కావాలి. ఆ వివరాల కింద అసలు సంగతి ఉంది. ఈ డయోజెనీస్ దేవుళ్లకు బలులు ఎప్పుడూ ఇస్తూనే ఉన్నాడు. ఇప్పుడు కూడా శాసనం ప్రకారం కమిటీవారి కళ్లెదుటే బలి ఇచ్చాడు, ద్రాక్షారసం ధారపోశాడు, బలిమాంసం రుచి చూశాడు. ఇది నిజమని కింద సంతకం చేసి ఇప్పించవలసిందని ప్రార్థన.

చూశానని సాక్షి సంతకం చేశాడు. తేదీ వేశారు. ముసలాయన ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ పపైరస్ ముక్క ఐగుప్తు ఇసుకలో పదహారు వందల ఏళ్లకు పైగా పడి ఉండి, బెర్లిన్ చేరి, 1893లో అచ్చయింది. ఆ తర్వాత ఇలాంటివి మరెన్నో బయటపడ్డాయి. నలభైకి పైగా దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం తెయదెల్ఫియ అనే ఒక్క ఊరివి. అన్నిటి వాచకమూ దాదాపు ఒక్కటే. పేర్లు, మచ్చలు, సంతకాలు మారతాయి, అంతే. చేయి తిరిగిన రాయసగాడు ఒకడు కూర్చుని వరసగా రాసిపెట్టినట్టుంటాయి. సామ్రాజ్యం ప్రతి మనిషి చేతా ఒకే మాట చెప్పించాలనుకున్నప్పుడు, ఆ మాటను ముందే రాసిపెట్టడం ఎవరికైనా సౌకర్యమే.

గత భాగంలో ప్లినీ గురించి చెప్పుకున్నాం. అతను బితూనియలో అధికారిగా ఉండగా, ఎవరైనా ఫిర్యాదు చేస్తే తప్ప క్రైస్తవుల జోలికి పోవద్దనీ, వెతికి పట్టుకోవద్దనీ ట్రాజన్ చక్రవర్తి అతనికి జవాబు రాశాడు. ఆ పద్ధతి సుమారు నూట నలభై ఏళ్లు నడిచింది. మధ్యలో లియోన్‌లో, కార్తేజ్‌లో, స్ముర్నలో నెత్తురు పారలేదని కాదు. కానీ అవన్నీ ఒక ఊరి మూకో, ఒక గవర్నరో చేసిన పనులు. 249 చివరి దాకా ‘ప్రతి ఒక్కరూ వచ్చి బలి ఇవ్వాలి’ అని సామ్రాజ్యమంతటికీ చెప్పిన చక్రవర్తి లేడు. ఆ పని చేసినవాడు డెసియస్.

డెసియస్‌ను రాక్షసుడిగా చూపించడం మన ఆదివారపు బడి పాఠాలకు అలవాటు. నిజానికి అతనికి క్రైస్తవుల మీద పగ ఉందనడానికి ఆధారం తక్కువ. పాత పద్ధతులంటే ప్రాణం పెట్టే సైనికాధికారి, సెనేటరు. 248లో రోమా నగరం వెయ్యేళ్ల పండుగ జరుపుకుంది. ఆ పండుగ చేయించిన ఫిలిప్ చక్రవర్తిని మరుసటి ఏడే వెరోనా దగ్గర యుద్ధంలో ఓడించి డెసియస్ సింహాసనమెక్కాడు. డాన్యూబ్ అవతల గోతులు కాచుకు కూర్చున్నారు, నాణెంలో వెండి తరిగిపోతోంది, ఒక పెద్ద తెగులు తలెత్తుతోంది. దేవుళ్లకు కోపం వచ్చింది, జనం మొత్తం కలిసి శాంతి చేయాలి అని ఒక రోమీయుడికి తోచడంలో వింతేమీ లేదు. 212లో కరకల్లా చక్రవర్తి సామ్రాజ్యంలోని స్వతంత్రులందరికీ దాదాపుగా రోమా పౌరసత్వం ఇచ్చేశాడు. పల్లెటూరి డయోజెనీస్ పేరు ముందు ఆరేలియస్ అనే చక్రవర్తి ఇంటిపేరు వచ్చి చేరింది అందుకే. అందరూ పౌరులైనప్పుడు పూజా బాధ్యత కూడా అందరిదీ అయింది.

శాసనం ప్రతి మనదాకా రాలేదు. అది కేవలం క్రైస్తవుల కోసం పెట్టింది కాదని చెప్పడానికి ఒక్క పపైరస్ చాలు. అర్సినోయె పట్టణంలో మొసలి దేవుడైన పెతెసూకోస్‌కు పూజలు చేసే అర్చకురాలు ఆరేలియా అమ్మోనూస్. గుళ్లోనే బతుకు గడిపే ఆమె కూడా వచ్చి, నేను దేవుళ్లకు బలి ఇచ్చానని ధ్రువపత్రం పుచ్చుకోవలసి వచ్చింది! ప్రభుత్వం ఒకసారి రిజిస్టరు తెరిచిందంటే పూజారికీ మినహాయింపు లేదు.

ఉచ్చు ఎక్కడుందో ఇక్కడే తెలుస్తుంది. ‘క్రీస్తును తిట్టు’ అని ఈ అర్జీల్లో ఎక్కడా లేదు. ఆదివారం కూడుకోవద్దనీ లేదు. చిటికెడు ధూపమో, గుక్కెడు ద్రాక్షారసమో, ఒక ముక్క మాంసమో, ఆపైన ఒక సంతకం. తర్వాత నీ ఇల్లు, నీ అంగడి, నీ పొలం, నీ దేవుడు నీవి. సింహాల ముందుకు తోయిస్తే ఎటు నిలబడాలో విశ్వాసికి తెలుసు. అంతకుముందు రెండు వందల ఏళ్ల హతసాక్షుల కథలు అది నేర్పాయి. ఇంత చిన్న పనికి ప్రాణం పోగొట్టుకోవడమా అని పక్కింటివాడు సానుభూతిగా అడిగితే ఏం జవాబు చెప్పాలో ఆ కథల్లో లేదు.

దెబ్బ ముందు పెద్దల మీద పడింది. 250 జనవరి 20న రోమా బిషప్పు ఫేబియన్ చనిపోయాడు. అంతియొకయలో బబులాస్, కైసరయ చెరసాలలో యెరూషలేము బిషప్పు అలెగ్జాండర్ ప్రాణాలు విడిచారు. ఆ కాలపు మహాపండితుడు ఓరిజెన్‌ను కాళ్లు బొండలో బిగించి హింసించారు. బతికి బయటపడ్డాడు గానీ కొన్నేళ్లకే పోయాడు. పెద్దతలలు వంగితే మంద తనంతట వస్తుందన్నది లెక్క. చాలాచోట్ల ఆ లెక్క తప్పలేదు.

అలెగ్జాండ్రియాలో జరిగింది కళ్లారా చూసి రాసినవాడు అక్కడి బిషప్పు డయొనీషియస్. అతని ఉత్తరాల్లో భాగాలు యుసేబియస్ రాసిన సంఘ చరిత్రలో భద్రంగా ఉన్నాయి. పేరున్న ఆసాములు భయంతో ముందే వచ్చారు. ఉద్యోగుల్ని వాళ్ల ఉద్యోగమే లాక్కొచ్చింది. కొందరిని చుట్టాలూ స్నేహితులూ చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చారు. బలిపీఠం దగ్గరకొచ్చేసరికి కొందరి మొహాల్లో నెత్తురుచుక్క లేదు, ఒళ్లు వణుకుతోంది; బలి ఇవ్వడానికి వచ్చారా, బలి కావడానికి వచ్చారా అన్నట్టున్నారు. చుట్టూ చేరిన జనం పకపకా నవ్వారు. చావడానికీ ధైర్యం లేదు, బలి ఇవ్వడానికీ ధైర్యం లేదని వాళ్ల ఎగతాళి. మరికొందరికి ఆ తడబాటు కూడా లేదు. మేము ఏనాడూ క్రైస్తవులం కామని గట్టిగా చెబుతూ పీఠం దగ్గరికి పరుగెత్తారు.

కార్తేజ్‌లో ఇంకా ఘోరం. ఎవరూ పిలవకముందే, ఎవరూ పట్టుకోకముందే జనం గుంపులు కట్టి వచ్చారు. అధికారులు, వాళ్లకు తోడుగా వేసిన అయిదుగురు పట్టణ పెద్దలు ఆ రద్దీకి తట్టుకోలేకపోయారు. పొద్దు గూకింది, రేపు రండి అంటే, కాదు ఇవాళే కానిచ్చేయండి అని బతిమాలుకున్నవాళ్లున్నారు. చంకలో పసిబిడ్డల్ని ఎత్తుకొచ్చి వాళ్ల నోళ్లకూ ఆ నైవేద్యం తగిలించిన తల్లిదండ్రులున్నారు. ఈ సంగతులు రాసింది శత్రువు కాదు, ఆ సంఘపు బిషప్పు సిప్రియనే.

సిప్రియన్ ధనవంతుల బిడ్డ, పేరు మోసిన వక్తృత్వ గురువు. నడివయసులో మారుమనస్సు పొంది, రెండు మూడేళ్లు తిరక్కుండానే బిషప్పయ్యాడు. ఇంత మంది ఇంత తేలిగ్గా ఎలా జారిపోయారన్న ప్రశ్నకు అతను చెప్పిన జవాబులో డెసియస్ పేరు లేదు. దీర్ఘకాలపు శాంతి సంఘాన్ని నిద్రపుచ్చిందన్నాడు. బిషప్పులు మందను వదిలేసి సంతలెక్కడ బాగా సాగుతాయా అని దేశాలు పట్టుకు తిరుగుతున్నారు, వడ్డీ మీద వడ్డీ లాగుతున్నారు, సంఘంలో అన్నలు ఆకలితో ఉంటే వీళ్లు వెండి మూటలు కడుతున్నారు. ఆస్తి మీద మమకారమే చాలామంది కళ్లు కప్పిందనీ, సంకెళ్లు వాళ్ల చేతులకు కాదు, వాళ్ల సొమ్ముకు ఉన్నాయనీ తేల్చాడు. నిజమే, శాసనాన్ని ధిక్కరిస్తే ఊరు విడిచి పారిపోవచ్చు. ఆ దారి తెరిచే ఉంది. పొలాన్ని మాత్రం మూటగట్టుకు పోలేం. పారిపోయినవాడి ఆస్తి ప్రభుత్వానికి జప్తు అవుతుంది.

సిప్రియన్ ఈ మాటల్ని ఆస్తి పోగొట్టుకున్న తర్వాతే రాశాడని ఇక్కడ చెప్పుకోవాలి. అందుకే వాటికి బరువుంది.

స్ముర్నకు వెళ్దాం. అక్కడ బిషప్పు పేరు యుక్తెమోన్. ఇతను ఒక గొర్రెపిల్లను తీసుకుని నెమెసిస్ గుడికి పోయాడు. బలి ఇచ్చాడు, కాల్చిన మాంసం తిన్నాడు. అంతటితో ఆగక, మిగిలింది ఇంటికి పట్టుకుపోతానన్నాడట! హతసాక్షుల చరిత్రలు రాసినవాళ్లకు హాస్యం అరుదు. ఇది మాత్రం రాసినవాడు ఊరికే వదిలిపెట్టలేకపోయాడు.

అదే ఊళ్లో పియోనియస్ అనే సంఘ పెద్ద ఉన్నాడు. ఫిబ్రవరి 23 పోలీకార్పు హతసాక్షి అయిన రోజు. ఆ రోజే తమను పట్టుకుపోతారని పియోనియస్‌కు ముందు రాత్రే తోచింది. బలిపీఠం దాకా నడిపించుకు పోతుంటే చూసినవాళ్లు, అరే, వీళ్లు కూడా తినడానికే పోతున్నారు అనుకుంటారేమో. అందుకని పేనిన గొలుసులు తెచ్చి తన మెడకు ఒకటి, తోటి విశ్వాసులు సబీనా మెడకు ఒకటి, అస్క్లెపియాదెస్ మెడకు ఒకటి వేసి కూర్చున్నాడు. మేం పోయేది చెరసాలకేనని వీధిలో ప్రతివాడికీ దూరం నుంచే తెలియాలి. గుడి అధికారి పొలెమోన్ మనుషులతో వచ్చేసరికి ముగ్గురూ మెడల్లో గొలుసులతో సిద్ధంగా ఉన్నారు.

ఈ చిన్న పనిలో ఆ మనిషి ఎంత దూరం ఆలోచించాడో చూడండి. లోపల నేను గట్టిగా ఉన్నాను కదా, బయటివాళ్లు ఏమనుకుంటే నాకేం అని ఊరుకోలేదు. సందేహానికి కూడా సందు వదల్లేదు. సబీనా కథ ఇంకోటి. బానిసగా ఉన్న రోజుల్లో విశ్వాసం మార్పించాలని యజమానురాలు ఆమె కాళ్లూ చేతులూ కట్టించి కొండల్లో వదిలేయించింది. మళ్లీ పాత యజమానురాలి చేతికి చిక్కకుండా పియోనియస్ ఆమెకు తెయొదొతె అని మారుపేరు పెట్టాడు. బతకడానికి పేరు మార్చుకోవడం తప్పనిపించలేదు వాళ్లకు. పీఠం ముందు తలవంచడమే తప్పు.

సంత మైదానంలో పొలెమోన్ నచ్చజెప్పాడు. మీ బిషప్పే బలి ఇచ్చాడు, మీకేమొచ్చిందన్నాడు. అంతకన్నా గట్టి వాదన అతనికి ఇంకేం కావాలి? ఆ వాదన పనిచేయలేదు. చివరికి గుళ్లోకి ఈడ్చుకుపోయి తలల మీద పూలదండలు పెడితే తెంచి పారేశారు. బలిమాంసం పట్టుకుని నిలబడిన బానిసకు వాళ్ల దగ్గరికి పోవడానికి ధైర్యం చాలక, అందరూ చూస్తుండగా తానే తినేశాడు. మార్చి 12న పియోనియస్‌ను కొయ్యకు మేకులు కొట్టి కాల్చేశారు. పక్క కొయ్య మీద కాలిపోయినవాడు మెట్రోదోరస్, సంఘం దుర్బోధకుడని వెలివేసిన మార్సియన్ పక్షపు పెద్ద. మంట ఆ తేడా చూడలేదు.

గొలుసు వేసుకున్నవాళ్లూ ఉన్నారు, గొర్రెపిల్లను తోలుకెళ్లినవాళ్లూ ఉన్నారు. ఈ ఇద్దరి నడుమ ఒక పెద్ద గుంపు తయారైంది. సంఘానికి అసలు తలనొప్పి తెచ్చిపెట్టింది వాళ్లే.

వీళ్లు బలి ఇవ్వలేదు. ధూపం వేయలేదు. మాంసం ముట్టుకోలేదు. అధికారికి కొంత ముట్టజెప్పి, బలి ఇచ్చినట్టు ధ్రువపత్రం మాత్రం రాయించుకున్నారు. లంచం ఎంతో మనకు తెలిపే పపైరస్ ఏదీ లేదు. అలాంటి లెక్క ఏ కాలంలోనూ రాతలో ఉండదు. కానీ వాళ్లలో ఒకడి వాదన ఎలా సాగుతుందో సిప్రియన్ ఒక ఉత్తరంలో వివరంగా రాశాడు. విగ్రహాలకు బలి ఇవ్వకూడదని లేఖనాల్లో చదివాను, బిషప్పు ప్రసంగంలో విన్నాను. అందుకే ఆ పాపం చేయకూడదని, అవకాశం దొరికినప్పుడు అధికారి దగ్గరికి నేనే వెళ్లో, మనిషిని పంపో, ‘నేను క్రైస్తవుణ్ని, బలి నాకు తగదు, పీఠం దగ్గరికి రాలేను, రాకుండా ఉండేందుకు ఇదిగో సొమ్ము’ అని చెప్పుకున్నాను. ఇంతే నేను చేసింది. ఇది కూడా తప్పేనని ఇప్పుడు మీరు చెబితే తెలిసింది. నా చేయి శుద్ధంగానే ఉంది, నోరు శుద్ధంగానే ఉంది, మనస్సాక్షి మాత్రం మలినమైంది, ఏడుస్తున్నాను.

ఈ వాదనను కొట్టిపారేయడం తేలిక కాదు. ఇతను అబద్ధం నోటితో చెప్పలేదు. గుమాస్తా చేత చెప్పించాడు. పైగా అధికారి ముందు క్రైస్తవుణ్నని ఒప్పుకున్నాడు కూడా! ఆ ఒప్పుకోలు తలుపు చాటున జరిగింది, కాగితం మాత్రం బజారులో తిరిగింది. ఆ కాగితం చూసినవాడికి తెలిసేది ఒక్కటే: ఇతను బలి ఇచ్చాడు. లోకంతో రాజీ ఎప్పుడూ ‘విశ్వాసం వదులుకో’ అని అడగదు. ఇలాగే, ఇంటిల్లిపాదికీ మేలు చేసే చిన్న ఏర్పాటుగా వస్తుంది. సిప్రియన్ వీళ్లను బలి ఇచ్చినవాళ్లతో ఒక గాటన కట్టలేదు. అలాగని వదిలిపెట్టనూ లేదు.

రోమాలో ఒక ఇంటి కథ వింటే ఈ గుంపులో ఎవరెవరున్నారో అర్థమవుతుంది. సెలెరినస్ అనే యువకుడు చెరసాలలో పంతొమ్మిది రోజులు బొండలో నలిగి, లొంగకుండా బయటికొచ్చాడు. బయట అతని అక్కచెల్లెళ్లు జారిపోయి ఉన్నారు. వాళ్లలో ఒకామె గుడి దారిలో కొంత దూరం ఎక్కి, సొమ్ము ఇచ్చుకుని, బలి ఇవ్వకుండానే దిగి వచ్చేసింది. ఈస్టరు పండుగనాడు ఊరంతా సంతోషిస్తుంటే సెలెరినస్ గోనెపట్ట కట్టుకుని బూడిదలో ఏడుస్తూ కూర్చున్నాడు. ఆ ఆడవాళ్లు ఏం చేస్తున్నారు? కార్తేజ్ నుంచి వచ్చిన, హింసలో లొంగకుండా నిలబడిన అరవై అయిదుగురు ఒప్పుకోలుదారులకు రేవులో ఎదురెళ్లి, తిండీ బసా చూసి సేవ చేస్తున్నారు. విశ్వాసం చచ్చిపోయినవాళ్లు చేసే పని కాదది.

పారిపోయినవాళ్ల సంగతీ చెప్పుకోవాలి. డయొనీషియస్ కథ సినిమాకు తక్కువ కాదు. అతణ్ని పట్టుకోవడానికి గవర్నరు సబీనస్ సైనికుణ్ని పంపాడు. ఆ సైనికుడు రోడ్లూ ఏళ్లూ పొలాలూ గాలించాడు గానీ, బిషప్పు ఇంట్లోనే ఉంటాడని ఊహించలేక ఆ ఇంటికి మాత్రం పోలేదు. డయొనీషియస్ నాలుగు రోజులు ఇంట్లోనే కూర్చుని, ఆనక బయలుదేరి పొద్దుగూకే వేళకు దొరికిపోయాడు. సంగతి తెలిసిన శిష్యుడు తిమోతి పరుగెత్తుతుంటే, పెళ్లికి పోతున్న పల్లెటూరివాడు ఎదురై ఏమైందన్నాడు. విని, పెళ్లింటికి పోయి అందరికీ చెప్పాడు. రాత్రంతా పెళ్లి విందులో ఉన్న ఆ జనం ఒక్కసారిగా లేచి, కేకలు పెడుతూ వచ్చి పడ్డారు. సైనికులు పారిపోయారు. ఒంటి మీద నారచొక్కాతో పడుకుని ఉన్న బిషప్పు, వీళ్లు దొంగలనుకుని, పక్కనున్న పైబట్ట కూడా తీసి ఇచ్చేశాడు! లేచి రమ్మంటే రానన్నాడు, నన్ను ఇక్కడే చావనివ్వండని బతిమాలాడు. వాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుని ఈడ్చుకొచ్చి, జీను లేని గాడిదనెక్కించి తీసుకుపోయారు. ఇదంతా తన మీద తానే నవ్వుకుంటున్నట్టు రాసుకున్నాడు.

సిప్రియన్‌కు అంత అదృష్టం లేదు. తనంతట తానే అజ్ఞాతానికి వెళ్లాడు. అక్కడి నుంచి ఉత్తరాల మీద సంఘాన్ని నడిపాడు, పేదలకు డబ్బు పంపాడు. అయినా నింద తప్పలేదు. మందను వదిలి పారిపోయే జీతగాడి గురించి సూటిగా గుచ్చుతూ రోమా పెద్దల దగ్గర్నుంచి కార్తేజ్‌కు ఒక ఉత్తరం వచ్చింది. అందులో రాసినవాళ్ల పేరు లేదు. సిప్రియన్ తెలివిగా, ఈ చేవ్రాత, ఈ కాగితం మీవేనా, లేక ఎవరైనా మార్చారా చూసుకోండి అంటూ దాన్ని రోమాకే తిప్పి పంపించాడు. చురకకు చురక. పారిపోవడం సరైనదేనా అన్న చర్చ అప్పుడూ తేలలేదు. ఎనిమిదేళ్ల తర్వాత సిప్రియన్ చేసిన పనే దానికి జవాబు.

ఈలోగా ఇంకో రకం కాగితాలు పుట్టుకొచ్చాయి. హింసలో నిలబడి చెరసాలలో ఉన్నవాళ్లంటే సంఘానికి అపారమైన గౌరవం. వాళ్లు రాసిస్తే జారిపోయినవాళ్లను మళ్లీ బల్ల దగ్గరికి రానివ్వచ్చని ఒక వాడుక ఉంది. ఒకరిద్దరికైతే సరే. కార్తేజ్ చెరసాల నుంచి లూసియానస్ అనేవాడు చనిపోయిన హతసాక్షి పౌలు పేరు మీద ఎడాపెడా రాసిచ్చాడు. ‘ఫలానావాణ్ని అతనివాళ్లతో సహా చేర్చుకోండి’ అని ఉంటుంది. అతనివాళ్లంటే ఎంతమంది? ఇరవై ముప్పై మంది కావచ్చు. ఇలాంటివి రోజూ వేలల్లో వస్తున్నాయని సిప్రియన్ మొత్తుకున్నాడు. ప్రభుత్వపు ధ్రువపత్రం కొని జారిపోయినవాడు ఇప్పుడు సంఘపు ధ్రువపత్రం పట్టుకుని తిరిగొస్తున్నాడు. మధ్యలో కన్నీళ్లు లేవు, ఉపవాసం లేదు, ఒప్పుకోలు లేదు. సిప్రియన్‌కు మండింది ఇందుకే. ప్రభుత్వం చేసిన మోసం కన్నా, ఖర్చు లేని ఈ క్షమాపణ పెద్ద మోసమని అతని అభిప్రాయం. అది సరైన అభిప్రాయమే.

251 జూన్‌లో అబ్రిత్తస్ దగ్గర, ఇప్పటి బల్గేరియాలో, గోతుల చేతిలో డెసియస్ కొడుకుతో సహా చనిపోయాడు. పరాయి శత్రువుతో యుద్ధభూమిలో కూలిన మొదటి రోమా చక్రవర్తి అతనే. శాసనం అప్పటికే చల్లబడింది. ఈస్టరు వెళ్లాక సిప్రియన్ కార్తేజ్‌కు తిరిగొచ్చాడు. బిషప్పుల సభ కూడింది. లంచమిచ్చి కాగితం కొన్నవాళ్లను, పశ్చాత్తాపం నిజమో కాదో మనిషి మనిషినీ విచారించి చేర్చుకోవాలి. బలి ఇచ్చినవాళ్లు పశ్చాత్తాపంలోనే ఉండాలి. చావు ముంచుకొస్తే వాళ్లకూ సంస్కారం ఇవ్వాలి. జారిపోయిన గురువులకు తిరిగి ఆ హోదా లేదు. ఒకటి రెండేళ్లకే మళ్లీ హింస వస్తుందన్న వార్తలు వచ్చాయి. అప్పుడు, పోరాటానికి పంపే సైనికుణ్ని నిరాయుధంగా పంపుతామా అంటూ, పశ్చాత్తాపంలో ఉన్న బలిదారులను కూడా చేర్చేసుకున్నారు.

విచారించడమంటే నిజంగానే విచారించారు. ఒకడు పిలవకముందే పీఠానికి పరుగెత్తాడు, ఒకడు చాలాసేపు పెనుగులాడి చివరికి లొంగాడు. ఒకడు ఇంటిల్లిపాదినీ వెంట తోలుకుపోయాడు, ఇంకొకడు భార్యాబిడ్డలూ ఇంటివాళ్లూ తప్పించుకోవాలని వాళ్లందరి బదులు తానొక్కడే వెళ్లి బలి ఇచ్చాడు. వీళ్లందరికీ ఒకే శిక్ష ఏమిటని సిప్రియన్ అడిగాడు.

రోమాలో నోవేషియన్ ఈ విచారణల్ని ఒప్పుకోలేదు. గొప్ప పండితుడు. విశ్వాసం కాదన్నవాణ్ని దేవుడు క్షమిస్తే క్షమించవచ్చు, సంఘానికి ఆ అధికారం లేదన్నాడు. కొర్నేలియస్‌ను బిషప్పుగా ఎన్నుకుంటే పోటీ బిషప్పుగా నిలబడి వేరు కుంపటి పెట్టాడు. ఆ శాఖ కొన్ని వందల ఏళ్లు నిలిచింది. 325లో నైకియా సభకు వచ్చిన ఆ శాఖ బిషప్పు అకేసియస్ తన కఠిన నియమం చెబితే, అయితే నిచ్చెన వేసుకుని నువ్వొక్కడివే పరలోకానికెక్కు అని కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఎద్దేవా చేశాడని చరిత్రకారుడు సోక్రటీస్ రాశాడు.

నోవేషియన్‌కు మొగ్గు చూపుతున్న అంతియొకయ బిషప్పుకు డయొనీషియస్ వాదం వినిపించలేదు, ఒక ముసలివాడి కథ రాసి పంపాడు. సెరాపియోన్ అనే ఆ వృద్ధుడు జీవితమంతా నిందలేకుండా బతికి, ఆఖరికి బలి ఇచ్చాడు. తర్వాత ఎంత ప్రాధేయపడినా ఎవరూ పట్టించుకోలేదు. జబ్బుచేసి మూడు రోజులు మాట పడిపోయింది. నాలుగో రోజు తెలివొచ్చి, కూతురి కొడుకుని పిలిచి, గురువును తీసుకురా, నన్ను త్వరగా విడిపించమను అన్నాడు. అది రాత్రి. గురువు కూడా జబ్బుతో లేవలేని స్థితి. చావబోయేవాళ్లకు, వాళ్లు వేడుకుంటే, నిరీక్షణతో పోనివ్వండని డయొనీషియస్ ముందే ఆజ్ఞ ఇచ్చి ఉన్నాడు. గురువు సంస్కారపు రొట్టెలో చిన్న ముక్క కుర్రాడి చేతిలో పెట్టి, తడిపి తాత నోట్లో వేయమన్నాడు. పిల్లవాడు గుమ్మం దగ్గరికి రాకముందే, వచ్చావా నాయనా, ఆయన రాలేకపోయాడు గానీ ఆయన చెప్పిన పని నువ్వు త్వరగా చెయ్యి అన్నాడు తాత. ముక్క తడిపి నోట్లో వేశాడు. కొద్దిగా మింగి, ప్రాణం విడిచాడు.

257లో వలేరియన్ చక్రవర్తి మళ్లీ హింస మొదలుపెట్టాడు. ఈసారి సిప్రియన్ పారిపోలేదు. కురుబిస్‌కు ప్రవాసం పంపితే వెళ్లాడు, తిరిగి పిలిపిస్తే వచ్చాడు. బలి ఇవ్వమంటే ఇవ్వనన్నాడు, ఆలోచించుకోమంటే ఇందులో ఆలోచించేదేమీ లేదన్నాడు. తల నరకడానికి వచ్చినవాడికి ఇరవై అయిదు బంగారు నాణేలు ఇవ్వమని తనవాళ్లకు చెప్పాడు. అది 258 సెప్టెంబర్ 14.

రెండేళ్లకు వలేరియన్ పారసీకుల చేతిలో బందీ అయ్యాడు. కొడుకు గల్లియెనస్ సంఘానికి దాని స్థలాలూ శ్మశానాలూ తిరిగి ఇప్పించాడు. నలభై ఏళ్లకు పైగా శాంతి. సిప్రియన్ భయపడినట్టే, ఆ శాంతిలో సంఘం మళ్లీ లావెక్కింది. 303లో డయోక్లీషియన్ మనుషులు ఈసారి బలికి ముందు పుస్తకాలు అడిగారు: లేఖనాలు తెచ్చి అప్పగించండి, కాల్చేస్తాం. అప్పుడు కార్తేజ్ బిషప్పు మెన్సూరియస్ లేఖనాలు దాచేసి దుర్బోధకుల పుస్తకాలు అప్పగించాడు. ఇంకో ఊరి బిషప్పు వైద్య గ్రంథాలు ఇచ్చి పంపించాడు. అది తెలివా, ద్రోహమా అన్న తగాదా ఉత్తర ఆఫ్రికా సంఘాన్ని వందేళ్లకు పైగా రెండుగా చీల్చింది. ఆ కథ వచ్చే భాగంలో.